తొమ్మిదో డొప్ప

ఆ రోజుల్లో మా కొండమీద ఫోను మాట్లాడాలంటే మనిషికి ముందుగా కావలసింది ఫోను కాదు, మోకాళ్లు. ఊరికి పైన, సిల్వర్ ఓక్ చెట్లు దాటాక ఒక నల్లబండ ఉండేది. దాని తూర్పు అంచున నిలబడి కుడిచెయ్యి కాస్త పైకెత్తితే లోకంతో సంబంధం ఏర్పడేది, దించితే తెగిపోయేది. పెళ్లిమాటలు, చావు కబుర్లు, పరీక్షల ఫలితాలు అన్నీ ఆ బండమీదే, అందరూ వింటుండగానే జరిగేవి కనుక ఊళ్లో రహస్యాలు పెద్దగా ఉండేవి కావు. ఇప్పుడు ఊరి నెత్తిమీదకే టవరు వచ్చింది, దాని వెనకే రహస్యాలూ వచ్చాయి. నేను చెప్పబోయేది ఆ బండ పుణ్యమా అని ఒక ఉద్యోగం దాదాపుగా దొరికి, అదే బండమీద పూర్తిగా పోయిన సంగతి. నవ్వొచ్చే సంగతే. అయినా పొగమంచు ఎక్కిన సాయంత్రాల్లో మాత్రం ఎవరికీ చెప్పను.

నాది సాలూరు. భౌతికశాస్త్రంలో డిగ్రీ పూర్తయ్యాక, ఆ శాస్త్రానికి నా అవసరం అంత తొందరగా లేదని తెలిసింది. అరకు దాటి కొండమలుపుల చివర ఉన్న ఒక ఊళ్లో మా మేనమామ కిరాణా కొట్టు నడిపేవాడు. ఉప్పు, సబ్బులు, గొడుగులు, ఎండుచేపలు (ఈ నాలుగూ ఒకే అరలో ఉండేవి, అందుకని మా ఊళ్లో సబ్బుకు ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది). "కాఫీ పళ్ల కాలంరా, రద్దీగుంటాది. మూడు నెల్లు సాయముండు, తర్వాత నీ దారిన నువ్వు పోదువు" అని పిలిచాడు. ఆ మూడు నెలల మాట గుర్తుపెట్టుకోండి.

కొట్టు పక్కనే కల్లం. ఊరి ఆడవాళ్లు ఏడుగురు జట్టు కట్టి ఇవాళ ఒకరి తోటలో, రేపు ఇంకొకరి తోటలో కాఫీ పళ్లు కోసి, తెచ్చి ఆ కల్లంలో ఆరబోసేవారు. జట్టుకు పెద్ద ఒక అవ్వ. ఆవిడ వయసు ఆవిడకీ తెలియదు, అడిగే ధైర్యం మాకూ లేదు. జట్టులో చిన్నదానికి మిరపకాయ అని పేరు. పేరు ఎందుకొచ్చిందో, నేను వెళ్లిన మొదటి రోజునే తెలిసింది. కొట్టు మెట్టు మీద కూర్చుని కొండల్ని చూస్తున్న నన్ను చూపించి, "ఏటి, ఈ గుంటణ్ణి కూడా అమ్ముతారా, ఊరికే పెట్టినారా?" అని మావయ్యని అడిగింది. "బేరం రావట్లేదమ్మా" అన్నాడు మావయ్య.

బేరం రాకపోవడం నన్నూ బాధించింది. అందుకని విశాఖపట్నంలో ఒక వెబ్ పత్రిక ఉంటే దానికి ఉత్తరం రాశాను. టీవీ సీరియళ్ల మీద సమీక్షలు వేసేవాళ్లు. దాని ఎడిటరు గారిని రచయితలందరూ కత్తెర గారు అనేవారని తర్వాత తెలిసింది. ఆయన నాకు ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఆరో ఎపిసోడు ఇచ్చారు. శనివారం సాయంత్రం అయిదు లోపు సమీక్ష పంపాలి. నచ్చితే విశాఖలో నాకో కుర్చీ, బల్ల, ఫ్యాను. నచ్చకపోతే ఎండుచేపలు (ఇది ఆయన అనలేదు, నాకు తెలుసు). ఒకటే షరతు. "ఏం రాసినా రాయండి, ముగింపు మాత్రం బయటపెట్టకండి. బయటపెట్టారో, అది మీ ముగింపే."

సీరియల్ పేరు చెప్పను, తీసినవాళ్లు నాకేమీ అపకారం చెయ్యలేదు. విదేశీ సరుకు, తెలుగు డబ్బింగు. ఎక్కడో మంచుకొండల మీద ఒక పరిశోధనా కేంద్రం, అందులో ఎనిమిది మంది. ఒకరోజు పొగమంచు కమ్ముతుంది. మామూలు కథల్లో మంచు కమ్మితే ఒకడు మాయమవుతాడు. ఇందులో మంచు విడిపోయాక చూస్తే తొమ్మిది మంది ఉంటారు. వాళ్లలో కొత్తవాడంటూ ఎవడూ లేడు. అందరికీ అందరూ ఎన్నాళ్లనుంచో తెలుసు. వాడి పెళ్లికి వెళ్లామని ఒకరు, వీడితో కలిసి చదువుకున్నామని ఒకరు, తొమ్మిది మందీ మొదట్నుంచీ ఉన్నట్టే అందరి జ్ఞాపకం. కాని మంచాలు ఎనిమిదే, కంచాలు ఎనిమిదే. వాళ్ల నాయకుడు రోజూ పొద్దున అందరినీ వరసలో నిలబెట్టి, తనతో కలిపి లెక్కపెడతాడు. రోజూ తొమ్మిదే వస్తుంది. ఎక్కువైనవాడెవడు? (డబ్బింగులో అందరూ ఒకే గొంతుతో మాట్లాడేవారు. కనుక ఆ రహస్యం వాళ్లకెంత కష్టమో మనకీ అంతే కష్టం.)

గురువారం మధ్యాహ్నం బండెక్కి, చెయ్యి పైకెత్తి, మెడ వెనక్కి వంచి ఎపిసోడు చూడ్డం మొదలుపెట్టాను. నలభై ఎనిమిది నిమిషాల ఎపిసోడు. మా దగ్గర మంచు పైనుంచి దిగదు. లోయలోంచి ఎక్కుతుంది, మెట్లెక్కే ముసలాయనలాగా, ఆగి ఆగి. ముప్ఫై నాలుగో నిమిషం దగ్గర నాయకుడు అందరినీ మంచులో నిలబెట్టాడు. వీపు మనవైపు. ఒక్కొక్కరిమీదా టార్చి వేస్తూ లెక్కపెడుతున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిదైపోయాక అతను మెల్లగా మనవైపు తల తిప్పబోయాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. సగం తిరిగిన తల, మొహం ఉండాల్సిన చోట గిర్రున తిరుగుతున్న తెల్లటి చక్రం. తలెత్తి చూస్తే బండ చివర కనపడటం లేదు, నా చెయ్యి మోచేతి దాకానే ఉంది. గంటసేపు నిలబడ్డాను. చక్రం తిరుగుతూనే ఉంది. ఆ గంటలో నా పక్కన ఎవరో నిలబడి అదే బొమ్మ చూస్తున్నట్టు రెండుసార్లు అనిపించింది. శాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక పక్కకి చూడలేదు.

కిందికి వచ్చేసరికి జట్టు కల్లంలో చోడి అంబలి తాగడానికి కూర్చుంది. వాళ్ల పద్ధతి ఏమిటంటే, ఎవరి డొప్ప వాళ్లే అడ్డాకు తెంపి, పుల్ల గుచ్చి కుట్టుకుంటారు. మనుషుల్ని లెక్కపెట్టరు. డొప్పలు కుట్టుకున్నవాళ్లంతా ఉన్నట్టే. నాకూ ఒకటి కుట్టారు.

"అంతసేపు సెయ్యెత్తుకోని నిలబడ్డావు, ఏటి సూసినావు బాబూ?" అంది అవ్వ.

"ఒక కథ అవ్వా."

"కతా" అని ఆవిడ ఇంకో ఆకు తీసి ఇంకో డొప్ప కుట్టి, అంబలి పోసి, ఎవరూ కూర్చోని చోట పెట్టింది. "కతకి. అదీ ఆకలితోనే వొత్తాది గదా. అయిపోయినాక సెప్పినోడు తాగీయాల. ఊఁ, సెప్పు."

చెప్పాను. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆ ఏడుగురి లాంటి శ్రోతలు తర్వాత నాకు దొరకలేదు. మంచాలు ఎనిమిదే అన్నప్పుడు మిరపకాయ కూడా నోరు మూసుకుంది. ముప్ఫై నాలుగో నిమిషం దాకా చెప్పుకొచ్చి, నాయకుడి తల సగం తిప్పి, ఆగాను.

"తర్వాత ఏటయ్యింది?"

"అది చెప్పకూడదవ్వా. సమీక్షకుడు ముగింపు చెప్పకూడదు. మా వృత్తి ధర్మం" అన్నాను. (అప్పటికి ఆ వృత్తిలో నా అనుభవం మూడు గంటలు.) ముగింపు చెప్పకూడదన్న నియమం, ముగింపు చూడనివాడికి ఎంత ఆసరాగా ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది. సమీక్ష కూడా అలాగే రాసెయ్యవచ్చునని నిర్ణయించుకున్నది అక్కడే.

ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. అది నాకు నచ్చలేదు. అవ్వ ఆ కథ డొప్పని తీసుకెళ్లి కల్లం చివర చెట్టు మొదట్లో పెట్టి, పైన ఒక ఆకు కప్పి, ఆకు మీద రాయి పెట్టింది.

"కత సగంలో ఒగ్గీకూడదు బాబూ" అంది తిరిగొచ్చి, ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా. "అందులో మడుసులు బైటే ఉండిపోతారు. సెప్పినోడి ఎనకాల నడిచొత్తారు, మిగతాది ఏటని అడగడానికి."

"అడిగితే?"

"నీకు తెలిస్తే సెప్తావు. నేకపోతే నీ దగ్గిరే ఉండిపోతారు."

ఆ రాత్రి మావయ్యకి చెబితే, "ఉండనీరా, కొట్లో సాయమవుతారు" అన్నాడు.

శుక్రవారం మంచు విడవలేదు. సమీక్ష కాగితం మీద రాసుకున్నాను. ఛాయాగ్రహణం, నేపథ్య సంగీతం, దర్శకుడి పట్టు, ముగింపు ప్రేక్షకుణ్ణి వెంటాడుతుంది. చివరి వాక్యం రాశాక పెన్ను కింద పెట్టాను. అందులో అదొక్కటే నిజం అవుతుందేమోనని ఎందుకో అనుమానం వచ్చింది.

శనివారం మూడింటికి, టైపు చేసి పంపేద్దామని కాగితం జేబులో పెట్టుకుని బయల్దేరాను. దారి సిల్వర్ ఓక్ చెట్ల మధ్యనుంచి. చెట్లకు పాకిన మిరియాల తీగలనుంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. కొంచెం దూరం నడిచాక నా వెనక ఎండుటాకుల మీద అడుగులు వినిపించాయి. ఆగాను. అవీ ఆగాయి, కాకపోతే నాకంటే ఒక అడుగు ఆలస్యంగా. ప్రతిధ్వని అనుకున్నాను. ప్రతిధ్వనికి ఎదురుగా గోడలాంటిది ఉండాలని మా మాస్టారు చెప్పిన మాట సరిగ్గా అప్పుడే జ్ఞాపకం వచ్చింది. చదువు మనిషికి అనుకోని సమయాల్లో ఉపయోగపడుతుంది.

పైనుంచి, తోటలోంచి జట్టు దిగుతూ కనిపించింది. తలమీద బుట్టలతో, ఒకరి వెనక ఒకరు, మంచులో నీడల్లాగా. ప్రాణం కుదుటపడింది. ఊరికే, మనసుని ఏదో ఒక పనిలో పెట్టడానికి, లెక్కపెట్టాను.

ఎనిమిది.

మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిది. చివరి నీడకు బుట్ట లేదు. నడకలో తొందర లేదు. వాళ్లు దగ్గరికొచ్చి నన్ను దాటుతుంటే ఒక్కొక్కరి మొహమూ చూశాను. ఏడుగురే. ఆఖరున మిరపకాయ. ఆమె వెనక ఎవరూ లేరు, ఎండుటాకులు మాత్రం ఇంకో రెండు అడుగుల దూరం చప్పుడు చేసి ఊరుకున్నాయి.

"ఏటలా బిగుసుకుపోనావు, నీకూ సిగ్నల్ పోనాదా?" అంది మిరపకాయ.

నేను బండవైపు వెళ్లలేదు. విశాఖలో కుర్చీ, బల్ల, ఫ్యాను అన్నీ ఆ మంచుకు అవతల ఉన్నాయి, రెండు గంటల గడువు ఉంది, అయినా వాళ్ల వెనకే, అంటే సరిగ్గా ఆ ఎనిమిదో చోటులో, కల్లం దాకా నడిచాను. దారిలో ఒకసారి ఆ సంగతి స్ఫురించి, పక్కకి తప్పుకుని మిరపకాయ ముందుకు చేరాను.

"అవ్వా, ఆ కథ..." అన్నాను.

"ఊఁ."

"చివర నేనూ చూడలేదు. మంచొచ్చి ఆగిపోయింది."

అవ్వ బుట్ట దించింది. "మరా మాట బేస్తోరమే సెప్పీవొచ్చు గదా బాబూ. ఈ మూడు దినాలు వాళ్లని సలిలో నిలబెట్టీసినావు."

చెట్టు మొదట్లో డొప్ప దగ్గరికి తీసుకెళ్లింది. రాయి రాయిలాగే ఉంది, ఆకు ఆకులాగే ఉంది. రాయి తీసి ఆకెత్తింది. డొప్పలో ఏమీ లేదు. తడి కూడా లేదు.

"నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. పోస్తన్నాం, తాగీస్తన్నారు."

డొప్ప కారి ఉంటుందన్నాను. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి డొప్ప నిండా పోసి నా చేతిలో పెట్టింది. ఒక్క చుక్క కారలేదు. గోల విని వచ్చిన మావయ్య, "కుక్కయ్యుంటాదిలే" అన్నాడు.

"పైన ఆకుంది, రాయుంది మావయ్యా."

"తెలివైన కుక్కయ్యుంటాది" అని, ఎందుకైనా మంచిదని కాబోలు, కొట్లోకి కాస్త వేగంగా నడిచాడు.

అందరూ కూర్చున్నారు. డొప్పలు కుట్టుకున్నారు. కథకు తొమ్మిదో డొప్ప పెట్టారు. (ఏడుగురూ, నేనూ, కథా. ఈ లెక్క ఎక్కడో విన్నట్టుందని అప్పుడే అనిపించింది, పైకి అనలేదు.) "నువ్వు ఎక్కడ ఒగ్గీసినావో అక్కడ్నుంచి నాను సెప్తాను. ఇను" అంది అవ్వ.

"ఆ పెద్దాయన ఎనిమిది మందినీ లెక్కెట్టినాడు. ఇంకెవులూ మిగల్లేదు. అయినా తొమ్మిదనాల. ఎవుల్ని సూసి అంటాడు? తన్ని సూసుకోనే. ఆ ఎక్కువోడు ఆడే. మిగతావోల్లకి లెక్కతో పనేటి? ఉన్నోడికి ఉన్నానని తెలుస్తాది, నిద్దరోతాడు. తన సోటు తనకి తెలవనోడే పొద్దున్న లేసి అందర్నీ లెక్కెడతాడు. పాపం, ఆడికీ తెలవదు, ఆడే ఎక్కువని. అందుకే మడుసుల్ని లెక్కెట్టకూడదు. లెక్కెడితే, ఆ లెక్క సాలడానికి ఇంకోడు వొత్తాడు."

"మరి తెలిసినాక ఆడేటి సేసినాడే?" అంది మిరపకాయ, గొంతు తగ్గించి.

"ఏటి సేత్తాడు. ఆడికీ ఒక డొప్ప కుట్టినారు. అయిపోనాది."

తొమ్మిదో డొప్ప నా చేతికిచ్చింది. ఈసారి నిండుగానే ఉంది. చల్లగా, ఉప్పగా ఉంది. తాగేశాను. చెట్లలోంచి గాలి వచ్చింది, అంతే. గాలి రావడానికి కారణాలు ఏడెనిమిది చెప్పగలను.

నాలుగున్నరయింది. ఒక్కణ్ణే వెళ్లనని నేను అనలేదు, కాని నా కాళ్లు చెప్పినట్టున్నాయి. ఏడుగురూ లేచి, బుట్టలు అక్కడే వదిలేసి నన్ను బండ దాకా దిగబెట్టారు. వెనక అడుగులు లేవు. టైపు చేశాక చదువుకుంటే సమీక్ష నా డొప్పంత ఖాళీగా ఉంది. అవ్వ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. చివర ఒక పేరా చేర్చాను: "ఈ కథను కొండమీద ఒక పెద్దావిడకు చెబితే, ఎక్కువైనవాడు లెక్కపెట్టేవాడే అయి ఉంటాడని అంది. నాకూ అలాగే తోస్తోంది." చెయ్యి పైకెత్తాను. అయిదుకు నాలుగు నిమిషాలున్నాయనగా వెళ్లిపోయింది.

మంగళవారం బండమీద కత్తెర గారి ఫోను వచ్చింది. చుట్టూ అవ్వ, మిరపకాయ, సంతకు వెళ్లొస్తున్న సగం ఊరు.

"ఎపిసోడు చూశారా?" అన్నారాయన.

"చూశాను సార్."

"ఆఖరిదాకా?"

ఇక్కడ నా జీవితం రెండు దారులుగా చీలింది. చూడలేదంటే, చూడని ఎపిసోడుకు సమీక్ష రాసిన మోసగాణ్ణి. చూశానంటే, షరతు మీరినవాణ్ణి. రెండింట్లో మర్యాదైన నేరం ఏదో ఆలోచించి, "ఆఖరిదాకా సార్" అన్నాను.

"అంటే తెలిసే చేశారన్నమాట. ఆఖరి నిమిషంలో అతను తొమ్మిది అని తన వేలు తనవైపే తిప్పుకుంటాడు. దాన్ని తీసుకొచ్చి పచ్చిగా ఎవరో పెద్దావిడ చెప్పిందని రాస్తారా? మిమ్మల్ని నమ్మి చదవకుండానే వేసేశాను, పాఠకులు తిట్టిపోస్తున్నారు. పైగా ఆ పెద్దావిడ అబద్ధం ఒకటి."

ఆవిడ నా పక్కనే నిలబడి తలగుడ్డ సర్దుకుంటోంది. నోరు తెరిచాను. చెయ్యి దిగింది. లైను తెగింది.

చూడని ముగింపును బయటపెట్టినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న సమీక్షకుడు నాకు తెలిసినంతలో నేనొక్కణ్ణే. అవ్వకి చెప్పాను, అచ్చం నువ్వు చెప్పినట్టే ఉందట అని. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మరింకెలాగుంటాది?" అంది. "నీ పని పోనాదా?"

"పోయింది."

"అయితే ఉండు. రేపు మా తోటలో పళ్లున్నాయి."

ఉన్నాను. మూడు నెలలు ఎప్పుడు అయ్యాయో ఎవరూ చెప్పలేదు. మావయ్య మోకాళ్లు అరిగి సాలూరు దిగిపోయాడు. అవ్వ ఒక కాఫీ పళ్ల కాలం మధ్యలో, నిద్రలోనే పోయింది. టవరు వచ్చాక ఆ ఎపిసోడు కొట్లో కూర్చునే చూడవచ్చు. చివరి పద్నాలుగు నిమిషాలు ఇంతవరకూ చూడలేదు. ఏమవుతుందో తెలుసు కదా, ఇంకెందుకు? ఆ తిరగబోయే తలకు ఏ మొహం ఉంటుందో చూడాలన్న ఆసక్తి ప్రత్యేకంగా నాకు లేదు.

మొన్న మధ్యాహ్నం ఆరోగ్య సర్వేకి కొత్తమ్మాయి వచ్చింది. మంచు ఎక్కుతోంది. కల్లంలో జట్టు కూర్చుని ఉంది, ఇప్పుడు జట్టుకు పెద్ద మిరపకాయే. ఆ అమ్మాయి ఊళ్లో ఇళ్లన్నీ రాసుకుని, పేర్లు సరిచూసుకుంటూ, కొట్టు మెట్టు మీదున్న నన్ను చూసింది.

"ఒకరు ఎక్కువొస్తున్నారు. ఈయన ఎవరు? బయటినుంచి వచ్చారా? ఎన్నాళ్లయింది?"

మిరపకాయ సమాధానం కోసం నేనూ ఆసక్తిగా చూశాను. నన్ను ఎండుచేపలతో పాటు బేరమాడిన మనిషి కదా, కనీసం ఆమెకైనా జ్ఞాపకం ఉండాలి.

"ఈయనా?" అంది మిరపకాయ, ఆకుకి పుల్ల గుచ్చుతూ. "ఈయనెక్కడ్నుంచి వొత్తాడు. మొదట్నుంచీ ఇక్కడే ఉన్నాడు గదా."

మిగతావాళ్లందరూ అవునని తలూపారు. హాస్యానికి అంటున్నారేమోనని ఒక్కొక్కరి మొహమూ చూశాను. ఎవరూ నవ్వడం లేదు. ఆ అమ్మాయి రాసుకుని వెళ్లిపోయింది. మంచు మెట్టుదాకా వచ్చింది. కల్లంలో నీడలు ఎన్నో లెక్కపెట్టబోయాను. మూడు దాకా వచ్చి, ఎందుకులే అని ఆపేసి, మెట్టు దిగి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. నా డొప్ప అప్పటికే కుట్టి ఉంది.